ఊరుకున్న సర్వరు, ఎండుతున్న కాఫీ

చదువుకున్నవాళ్లు కొండ దిగుతారు. దిగినవాడు మళ్లీ ఎక్కితే ఊళ్లో ఎవరూ వాణ్ణి తెలివైనవాడు అనరు. ఫల్గుణ ఎక్కాడు.

అతని ఊరు తుమ్మిడిపుట్టు. పెదబయలు నుంచి మట్టిరోడ్డు పట్టుకుని పైకి పోతే, ఇంక నావల్ల కాదని రోడ్డు ఆగిపోయిన చోట ఉంటుంది. తొంభైల్లో ఆశ్రమ పాఠశాలలో చదివాడు. విశాఖపట్నం వెళ్లి డిగ్రీ చేశాడు. ఇరుకు గదిలో కంప్యూటర్లు పెట్టుకుని నడిపే ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసే పనిలో చేరాడు. కొన్నాళ్లకు మానేసి వచ్చేశాడు. సముద్రపు గాలి పడలేదని అమ్మకి చెప్పాడు. అసలు సంగతి అది కాదు. పక్కసీట్లవాళ్లు అతని యాస విని నవ్వేవాళ్లు. పడనిచోట ఉండి పళ్లికిలించడం కొందరికి వస్తుంది. అతనికి రాలేదు.

వస్తూ వస్తూ జీపులో కాఫీ మొక్కలు వేసుకొచ్చాడు.

"ఎందుకురా ఇయ్యి? సోళ్లు పండే సోట ఇదేటి కొత్త రోగం?" అంది వాళ్లమ్మ చిట్టెమ్మ.

అలా అన్న మనిషే తర్వాత ఆ మొక్కల్ని బిడ్డల్లా సాకింది. సిల్వర్ ఓక్ నీడన నాటించింది. ఎండాకాలం గెడ్డలోంచి కడవలతో నీళ్లు మోసింది. ఏ మొక్క ఆకైనా పాలిపోతే ఆ పూట ఆమెకి ముద్ద దిగేది కాదు. ఆమెని చూసి ఊరివాళ్లూ తలా కొంత వేశారు. కాఫీ మొక్క నాటిన మర్నాడు కాయదు, ఏళ్లు పడుతుంది. రెండువేల ఎనిమిది చలికాలంలో చిట్టెమ్మ తోట మొదటిసారి ఎర్రగా పండింది. ఆ పళ్లు కోస్తున్నన్ని రోజులూ ఆమె పాట ఆపలేదు. ఆమె గొంతు బాగుండదు. ఆ సంగతి చెప్పే ధైర్యం తుమ్మిడిపుట్టులో ఎవరికీ లేదు.

పండు కోసినంత మాత్రాన పని అయిపోదు. కళ్ళం మీద పరిచి, రోజూ తిరగేస్తూ, వారాల తరబడి ఎండబెట్టాలి. సగం ఎండిన పండు మీద ఒక్క వాన పడితే చాలు, బూజు పట్టి కంపు కొడుతుంది. ఆ కంపు గింజని వదలదు. పోనీ ఎప్పుడూ బరకాలు కప్పి ఉంచుదామంటే లోపల ఉక్కపోసి అదే బూజు. కప్పాలి, కప్పకూడదు. ఏ పూట ఏది అన్నదే తెలియాలి. చలికాలపు వానేమో చెప్పి రాదు.

చెప్పించొచ్చు అన్నాడు ఫల్గుణ.

అప్పటికి అతను పెదబయలులో కాఫీ రైతుల సంఘం ఆఫీసులో పని చేస్తున్నాడు. సంఘానికి కార్యదర్శి రమణమూర్తి. నర్సీపట్నం వైపు నుంచి కిరాణా కొట్టు పెట్టుకోడానికి వచ్చి, కొట్టు తమ్ముడికి వదిలేసి సంఘంలో పడ్డ మనిషి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే, ఓపిక మాత్రం చిటికెడు. ఫల్గుణ ఆయనకి విషయం ఇలా చెప్పాడు:

"సార్, ఎక్కడో సముద్రాలవతల ఒక సర్వరుంది. మన కొండ ఎక్కడుందో చెప్పి, వాళ్లు మనకిచ్చిన తాళంచెవి లాంటి అక్షరాలు చూపిస్తే, ఇక్కడ వాన పడుతుందో లేదో చెప్తుంది. కౌంటర్లో కిటికీ ఉంటుంది చూడండి, అలాంటిది. లోపల ఎవరున్నారో మనకనవసరం. పద్ధతిగా అడిగితే జవాబొస్తుంది. ఆ కిటికీనే వెబ్ ఏపీఐ అంటారు. అడిగేది మాత్రం మనిషి కాదు, నేను రాసే ప్రోగ్రాము."

"కౌంటర్లో అడిగితే జవాబొచ్చిన రోజు నాకు గుర్తులేదయ్యా," అన్నాడు రమణమూర్తి. "అయినా రాయి. సూద్దాం."

ఫల్గుణ రాశాడు. జవాబులో వాన ఉంటే ప్రోగ్రాము, కంప్యూటరుకి తగిలించిన సెల్‌ఫోను నుంచి, ఊళ్లలోని ఫోన్లకి మెసేజ్ పంపుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. ఆఫీసు కంప్యూటరు తెర మీద మాత్రం ఒక పచ్చ చుక్క పెట్టాడు. పచ్చగా ఉంటే వాన లేదని.

తుమ్మిడిపుట్టు మొత్తానికి ఒకటే సెల్‌ఫోను. అది యర్రయ్య దగ్గర ఉండేది; సిగ్నలు కోసం ఆయన పూటపూటా ఊరి పక్క గుట్ట ఎక్కేవాడు. యర్రయ్య చిట్టెమ్మకి అన్న, ఫల్గుణకి మేనమామ. తండ్రి చిన్నప్పుడే పోతే ఫల్గుణ ఆయన గుమ్మంలోనే పెరిగాడు. యర్రయ్య వృత్తి వ్యవసాయం, ప్రాణం మాత్రం పెళ్లిళ్లు కుదర్చడం. చుట్టుపక్కల గూడేల్లో ఆయన రాయబారం నడపని సంబంధం తక్కువ. పద్ధతి ఇదీ: మగపెళ్లివారి తరఫున జీలుగు కల్లు కుండ ఒకటి తీసుకెళ్లి పిల్ల ఇంటి గుమ్మం దగ్గర పెట్టి, ఆ మాటా ఈ మాటా చెప్పి వచ్చేస్తాడు. అవునని వాళ్లు నోరు విప్పి చెప్పరు. అది మర్యాద కాదు. ఇష్టం లేకపోతే వారం తిరక్కుండా కుండ వెనక్కి పంపేస్తారు. కుండ తిరిగి రాకపోతే ఒప్పుకున్నట్టే. మొదటి కుండ వెనక్కొస్తే యర్రయ్య నొచ్చుకునేవాడు కాదు. మళ్లీ వెళ్లేవాడు. పొద్దున వెళ్లేవాడు, సాయంత్రం వెళ్లేవాడు. "తిరిగినోడికే పిల్లనిత్తార్రా," అనేవాడు. విసిగిపోయైనా ఇస్తారని ఆయన లెక్క. ఆ లెక్క చాలాసార్లు నిజమైంది కూడా.

జవాబు లేకపోతే సరే అన్నట్టు. కాదంటే మళ్లీ వెళ్లి తలుపు తట్టాలి. ఫల్గుణ ఈ రెండు సూత్రాలనీ ఎక్కడా నేర్చుకోలేదు, అన్నంతోపాటు తిన్నాడు. ప్రోగ్రాము రాసేటప్పుడు ఎవరూ తిన్న అన్నాన్ని పక్కన పెట్టి కూర్చోరు. అందుకే అతని ప్రోగ్రాములో ఇలా ఉంది: అడుగు. తేడా వస్తే వెంటనే మళ్లీ అడుగు. తేడా పోయేదాకా అడుగుతూనే ఉండు. ఈలోగా వాన అన్న మాట వినబడకపోతే పచ్చ చుక్క అలాగే ఉండనీ.

ఏమిటా తేడా అని అడగమని మాత్రం ఎక్కడా రాయలేదు.

డిసెంబరులో ఒకసారి మెసేజ్ వెళ్లింది. యర్రయ్య ఊరంతా తిరిగి అరిచాడు. అందరూ కాఫీని కప్పేశారు. చెప్పిన పూటే వాన పడింది. ఆ రోజు నుంచి యర్రయ్య ఆ ఫోన్ని జేబులో కాదు, మెడలో తాడు కట్టుకుని మోశాడు. జనం మెల్లగా సాయంత్రాలు బరకాలు లాగే అలవాటు మానేశారు. ఎందుకు లాగడం? వానొస్తే ఫల్గుణ చెప్తాడు కదా.

జనవరి వచ్చింది. ఒకరోజు పొద్దున రమణమూర్తి ఆఫీసులో రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా ఫల్గుణా, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటన్నాడు. మన పెట్టి ఏటంటాంది?"

"పచ్చగానే ఉంది సార్. వాన లేదు."

"మరి రేడియోవోడు?"

"ఆయన కోస్తాకి చెప్తాడు సార్. మనది కొండ."

"సర్లే, నువ్వంటే అంతే," అని ఆయన టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఫల్గుణ కాసేపు కూర్చున్నాడు. ఒళ్లు వెచ్చగా అనిపించి స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించాడు. తగిలించిన తర్వాత ఆ స్వెట్టరు వంకే చూస్తూ ఉండిపోయాడు. జనవరి పొద్దున పెదబయలులో స్వెట్టరు విప్పడం ఏమిటి? బయటికి వచ్చి చూశాడు. మంచు లేదు. తూర్పు నుంచి తడిగాలి కొడుతోంది. కొండల మీద ఆకాశం పాత అల్యూమినియం గిన్నెలా ఉంది.

లోపలికి వచ్చి, పచ్చ చుక్కని నమ్మడం మానేసి, సర్వరు నుంచి నిజంగా ఏం వస్తోందో తెరిచాడు. చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి తెరవడం.

వాన లేదని రాలేదు. వాన ఉందనీ రాలేదు. నాలుగు వందల మూడు అని ఒక అంకె, దాని కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు: మీరు అడగాల్సిన దానికన్నా చాలా ఎక్కువసార్లు అడిగారు. మిమ్మల్ని ఆపేశాం. ఒక గంట ఏమీ అడగకుండా ఉండి, అప్పుడు అడగండి. ఈలోగా అడిగితే ఆ గంట మళ్లీ మొదలవుతుంది.

ఏం జరిగిందో ఫల్గుణ ఊహించుకున్నాడు. మధ్యలో ఎప్పుడో టెలిఫోన్ లైను సగం పోయి, అడిగింది వెళ్తున్నా జవాబు వెనక్కి రాకుండా ఉండి ఉంటుంది. ఆ కొండల్లో లైను పోవడం వార్త కాదు. జవాబు రాకపోయేసరికి ప్రోగ్రాము యర్రయ్యలా తలుపు తట్టడం మొదలుపెట్టింది. లైను సరయ్యేసరికి ఆ తట్టుడుకి సర్వరు తలుపు మూసేసింది. మూసేశానని మర్యాదగా చెప్పింది. ఎప్పుడు తెరుస్తానో కూడా చెప్పింది. ప్రోగ్రాము ఆ మాట వినకుండా ఇంకా తడుతూనే ఉంది. తెర మీద పచ్చ చుక్క ఎప్పటిదో పాత జవాబుని పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో చూద్దామంటే అదీ తెలియదు. తప్పు జరిగితే ఎక్కడైనా రాసిపెట్టమని అతను ప్రోగ్రాముకి చెప్పలేదు.

కళ్ళం మీద ఊరి కాఫీ అంతా వెల్లకిలా పడుకుని ఉంది. అందులో చిట్టెమ్మ మొదటి కాపు.

వెంటనే ప్రోగ్రాము ఆపేశాడు. గోడ గడియారం చూసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. టీ తాగి వచ్చిన రమణమూర్తి సంగతి విని జుట్టు పీక్కున్నాడు.

"కూకున్నావేటయ్యా! మళ్లీ కొట్టు!"

"కొట్టకూడదు సార్. కొడితే గంట మళ్లీ మొదలవుతుంది."

"తలుపు కొట్టకపోతే ఎలా తీత్తాడయ్యా?"

"కొట్టినందుకే మూశాడు సార్."

"పోనీ వానని సెప్పీ. ఏదైతే అదవుద్ది."

"వాన రాకపోతే? పచ్చివాటిని కుప్పేసి కప్పిస్తే ఉక్కకే పోతాయి."

రమణమూర్తి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. వేలు పెట్టి ఒక్కసారి నొక్కుదామని చూశాడు. ఫల్గుణ కీబోర్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఈలోగా కనీసం కళ్ళం దగ్గర మనుషుల్ని ఉంచమని చెబుదామని యర్రయ్యకి ఫోన్ చేశాడు. 'మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి కవరేజ్ ఏరియాలో లేరు' అంది ఆడగొంతు. ఫల్గుణ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. స్విచాఫ్ అంటే బ్యాటరీ అయిపోయినట్టు. ఆ నంబరే లేదంటే తను తప్పు నొక్కినట్టు. కవరేజ్ లేదంటే మామ సిగ్నలొచ్చే గుట్ట మీద లేడు, కిందెక్కడో ఉన్నాడు. ఎన్నిసార్లు నొక్కినా ఉపయోగం లేదు. ఇదంతా ఆలోచించకుండానే తెలిసిపోయింది. అప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది. ఫోన్లో ఆ అమ్మాయి చెప్పే మూడు మాటల్ని మూడు రకాలుగా అర్థం చేసుకోవడం తెలిసినవాడికి, సర్వరు చెప్పే మాట వినాలని ఎందుకు తోచలేదు? అది కూడా వేరువేరు అంకెలు చెప్తుంది. తాళంచెవి చెల్లదని ఒకటి. అడిగిన చోటే లేదని ఒకటి. నువ్వు ఎక్కువ అడిగావని ఒకటి. నాకే ఒంట్లో బాగాలేదని ఇంకొకటి. అన్నిటినీ కలిపి అతను 'తేడా' అని ఒక గోతిలో పడేశాడు.

గంట దాటింది. దాటాక ఇంకొంచెం ఆగాడు, ఎందుకైనా మంచిదని. అప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగాడు.

జవాబు వచ్చింది. మధ్యాహ్నం నుంచి భారీ వర్షం.

"సార్, బండి!"

రమణమూర్తి అప్పటికే తాళం తీసి పట్టుకుని ఉన్నాడు. "ముందే సెప్తన్నాను, వెనక బ్రేకు లేదు. ముందుది ఉంది గానీ గట్టిగా నొక్కితే నువ్వుండవు. హారను కొడితే ఇంజనాగిపోద్ది. మిగతా ఊళ్లకి నేను ఫోన్లు సేత్తాను. పో, బేగి పో!"

ఇంత స్పష్టంగా లోపాలు చెప్పిన బండిని ఫల్గుణ ఎప్పుడూ నడపలేదు. ఒక్కదానిలోనూ అది అతన్ని మోసం చేయలేదు. మలుపుల్లో ఆవులు అడ్డొస్తే హారను కొట్టకుండా నోటితో అరుచుకుంటూ పోయాడు. రోడ్డు ఆగిపోయిన చోట బండి పడేసి పరిగెత్తాడు.

కళ్ళం మీద కాఫీ ఎర్రగా, నల్లగా, గోధుమరంగుగా పరిచి ఉంది. చిట్టెమ్మ కర్రతో తిరగేస్తోంది. యర్రయ్య పక్కన నీడలో కునుకుతున్నాడు, ఫోను గుండెల మీద. మిగతా ఊరంతా పై తోటల్లో పళ్లు కోస్తోంది.

"అమ్మా, వాన! కప్పాలి!"

చిట్టెమ్మ ఆకాశం వంక చూడలేదు, కొడుకు మొహం వంక చూసింది. కర్ర పడేసి బరకాల వైపు పరిగెత్తింది. కానీ అంత కళ్ళం ముగ్గురితో అయ్యేది కాదు.

"మామా, లే! జనాన్ని పిలువు!"

యర్రయ్య ఉలిక్కిపడి లేచి, ఇంట్లోకి దూరి డప్పు తెచ్చాడు. తుమ్మిడిపుట్టులో డప్పుకి భాష ఉంది. చావుకి ఒక దెబ్బ, మంటలకి ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ. జన్మంతా పెళ్లిళ్లు చేయించిన చేతులు నిద్ర మత్తులో ఏ దెబ్బ వేస్తాయి? పెళ్లి దెబ్బే వేశాయి. కొండంతా ఆ మోత మోగింది. ఏ దెబ్బకైనా జనం వస్తారు గాని, పెళ్లి దెబ్బకొచ్చినంత వేగంగా దేనికీ రారు. బుట్టలు నడుముకి ఉన్నవాళ్లు ఉన్నట్టే దిగి వచ్చేశారు.

"ఎవుళిదిరా పెళ్లి?" అంటూ అందరికన్నా ముందు ముత్యాలమ్మ దిగింది. ఆమె చిట్టెమ్మ పక్కింటి మనిషి, ఏ పెళ్లిలోనైనా మొదటి విస్తరి ఆవిడదే.

"పెళ్లి నీ మొకానిది! బరకం పట్టు!" అంది చిట్టెమ్మ.

"మరి డప్పు?"

"డప్పోడికి మతిపోనాది. పట్టవే, బేగి!"

నవ్వుతూనే కుప్పలు తోశారు. నవ్వుతూనే బరకాలు లాగారు. అంచుల మీద రాళ్లు పెడుతుండగా గాలి ఆగిపోయింది. ఆగిన గాలి మీదే మొదటి చినుకులు పడ్డాయి, బరకం మీద టపటపమంటూ. ఆఖరి రాయి పెట్టి చిట్టెమ్మ నడుం పట్టుకుని లేచేసరికి ఎదురుగా ఉన్న కొండ కనబడకుండా పోయింది.

అందరూ యర్రయ్య వసారాలోకి దూరారు. ఇరుక్కుని కూర్చుని, కళ్ళం మీద నీళ్లు బరకాల పైనుంచి జారిపోవడం చూశారు. కింద ఒక్క చుక్క దూరలేదు.

"మరి మెసేజేదిరా?" అన్నాడు యర్రయ్య, ఫోను తుడుస్తూ. "నువ్వే వొచ్చీసినావేటి?"

ఫల్గుణ అబద్ధం ఆడదామనుకోలేదు. ఆడినా అమ్మ పట్టేస్తుంది. "మెసేజ్ వచ్చేది కాదు మామా. సర్వరు ఎన్నాళ్ల నుంచో జవాబివ్వట్లేదు. నేను దాన్ని నిమిషం ఆగకుండా తట్టడం వల్ల తలుపేసేసింది. జవాబు లేకపోతే వాన లేనట్టే అనుకోమని ప్రోగ్రాములో నేనే రాశాను."

చిట్టెమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఉలకనోడు ఒప్పుకున్నట్టని నీకెవుడు సెప్పాడ్రా?" అంది చిట్టెమ్మ.

ఫల్గుణ కళ్లు మేనమామ వైపు తిరిగాయి. అతని చూపు వెంట అందరి చూపులూ తిరిగాయి.

"నన్ను సూత్తారేటి?" అన్నాడు యర్రయ్య. "నానెప్పుడు సెప్పేను కంప్యూటరికి?"

ముత్యాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది. "బావా, ఆ బుధు కొడుకు సంబంధం మర్సిపోనావేటి? పిల్లోళ్ల గుమ్మం కాడ కుండెట్టీసి వొచ్చినావు. వారమైంది, కుండ రాలేదు. ఒప్పేసుకున్నారని డప్పులేసుకుని ఊరినంతా తోలుకెళ్లినావు. తీరా సూత్తే ఇంట్లో మడిసి లేడు! ఇంటిల్లిపాదీ ఎప్పుడో పొలాలకాడికి ఎల్లిపోనారు. కుండ పగిలి ఎలుగుబంటి నాకేసినాది."

"ఎలుగుబంటి ఒప్పుకుందిలే సంబంధానికి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. వసారా మొత్తం పడీపడీ నవ్వింది. యర్రయ్య కాసేపు మూతి ముడిచి, తర్వాత తనూ నవ్వేశాడు. అప్పుడుగాని ఫల్గుణకి గుండెల్లో బరువు దిగలేదు. కాఫీ పోలేదు. తిట్టాల్సినవాళ్లు నవ్వుతున్నారు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

చిట్టెమ్మ మాత్రం నవ్వు అయ్యాక కొడుకు చెవి పట్టుకుని మెలేసింది. ఇరవై ఆరేళ్ల వాణ్ణి, అంతమంది ముందు. "ఇంకోపాలి తెలీకపోతే తెలీదని సెప్పు. పచ్చదీపమెట్టి కూకోకు."

"సరేనమ్మా. వదులమ్మా."

వాన వెలిశాక అతను పెదబయలు దిగి ప్రోగ్రాముని మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. ఈసారి జవాబు సరిగ్గా వస్తే ఏం చెయ్యాలో రాయడానికి పట్టిన సమయం తక్కువ. రాకపోతే ఏం చెయ్యాలో రాయడానికే ఎక్కువ పట్టింది. రమణమూర్తి భుజం మీదనుంచి తొంగిచూస్తూ ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ఎదుటివాడు అడుగుతుంటే ఫల్గుణకి ఆలోచన తిన్నగా నడిచింది.

"తాళంచెవి చెల్లదన్నాడనుకోండి సార్, అది మన తప్పు. వందసార్లు అడిగినా మారదు. ఆపేసి నన్ను పిలవాలి. ఎక్కువ అడిగావన్నాడనుకోండి, వాడు ఆగమన్నంతసేపు ఆగాలి. వాడికే బాగాలేదనుకోండి, కాస్త ఆగి అడగాలి. అప్పటికీ కాకపోతే ఇంకాస్త ఎక్కువ ఆగి అడగాలి. ఆగుతున్నకొద్దీ ఎక్కువ ఆగాలి. కొన్నిసార్లు చూసి, ఇంక లాభం లేదనుకుంటే మానెయ్యాలి."

"మానేసి?"

"మానేశానని చెప్పాలి. ఊళ్లకి మెసేజ్ పెట్టాలి. అడిగాను, జవాబు రాలేదు, ఈ పూట నాకు తెలీదు అని."

రమణమూర్తి మొహం ముడుచుకుంది. "తెలీదని సెప్పుకోడానికి మెసేజెందుకయ్యా? సంఘం పరువు పోద్ది."

"తెలీదని తెలిస్తే వాళ్లే ఆకాశం చూసుకుంటారు సార్. మనకి తెలుసనుకుంటేనే చూడరు."

ఆయన కాసేపు తల గోక్కుని, "రాయి," అన్నాడు. పచ్చ చుక్క కూడా మారింది. దాని పక్కన ఆ జవాబు ఎప్పటిదో సమయం కనబడేలా పెట్టాడు ఫల్గుణ. జవాబు పాతబడితే చుక్క దానంతటదే బూడిద రంగుకి తిరుగుతుంది. ప్రతి తేడా, దాని అంకెతో సహా, ఒక ఫైల్లో పడుతుంది. ఇక నుంచి వానలేని రోజు కూడా ఊళ్లకి మాట వెళ్తుంది: అడిగాను, జవాబొచ్చింది, వాన లేదు.

కొన్ని రోజులకే లైను మళ్లీ పోయింది. పొద్దున్నే సిగ్నల్ గుట్ట మీదనుంచి యర్రయ్య ఫోన్ చేశాడు.

"ఒరే అల్లుడా, ఇదేటి మెసేజిరా? అడిగాను, జవాబు రాలేదు, కళ్ళం కాడ మనిషినుంచండి అంటాంది. జవాబే లేకపోతే మెసేజెందుకెట్టినావు?"

"అందుకే పెట్టాను మామా."

"నీలాటి రాయబారి ఉంటే ఈ కొండల్లో ఒక్క పెళ్లీ అయ్యేది కాదురా."

"అయినవి నిలిచేవి మామా. ముందు మనిషిని పెట్టు."

"ఎట్టినానులే. మీ అమ్మ కూకున్నాది, కర్రట్టుకుని. మబ్బు కూడా భయపడిపోద్ది."

ఆ పూట వాన పడలేదు. ఎవరూ ఫల్గుణని ఏమీ అనలేదు. తెలీదన్నవాణ్ణి తప్పు చెప్పాడని ఎవరంటారు?

ఫిబ్రవరి నడుమ ఫల్గుణ ఇంటికి వెళ్లినరోజు ఎండ ఫెళ్లున కాస్తోంది. కళ్ళం మీద పళ్లన్నీ నల్లగా ముడుచుకుని ఉన్నాయి. చిట్టెమ్మ వంగి పిడికెడు తీసి, కొడుకుని దగ్గరికి రమ్మని, అతని చెవి పక్కన ఆడించింది. లోపల గింజలు తొక్కని వదిలి గలగలమన్నాయి.

"ఏటంటన్నాయి?"

"ఎండిపోయామంటున్నాయమ్మా."

ఆమె పిడికిలి విప్పి వాసన చూసింది. కాస్తంత తియ్యగా, కాస్తంత ఎండుగడ్డిలా ఉంది. బూజు కంపు లేదు. ఇంకోసారి చూసింది, నమ్మలేక కాదు, బాగుందని.

"అయితే గోనెలట్టుకురా," అంది. "బేగి."